లక్ష రూపాయల్లో వజ్రపుటుంగరం

ఈ సంచికకు చేరిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నిశ్చితార్థపు ఉంగరాల గురించే కావడంతో, ముత్యాల గురించీ పాత వెండి గురించీ అడిగినవారికి వచ్చే సంచికలో జవాబిస్తాను. ఇరవై ఆరేళ్లు వజ్రాలు ఏరే బల్ల దగ్గర కూర్చున్న అనుభవంతో రాస్తున్న మాటలివి. ఇప్పుడు నాకు ఏ దుకాణంతోనూ లావాదేవీ లేదు.

ప్రశ్న: మాఘమాసంలో నా నిశ్చితార్థం. అమ్మాయి వేలికి వజ్రపుటుంగరం పెట్టాలని కోరిక. పన్నులతో కలిపి లక్ష రూపాయలు కేటాయించుకున్నాను, అప్పు చేసే ఉద్దేశం లేదు. మూడు దుకాణాలు తిరిగాను. మొదటి చోట ఏడు చిన్న రాళ్లు పువ్వులా పొదిగిన ఉంగరం చూపించి, మొత్తం 30 సెంట్లు, వీవీఎస్ శుద్ధి, ఈ-ఎఫ్ రంగు అన్నారు. రెండవ చోట ఒకే రాయి ఉన్న ఉంగరం చూపించారు. అదీ 30 సెంట్లే, హెచ్ రంగు, వీఎస్2 శుద్ధి అన్నారు, ధర మాత్రం మొదటిదానికంటే ఎక్కువ చెప్పారు. మూడవ చోట 28 సెంట్ల రాయి చాలా తక్కువకు వస్తోంది కాని సర్టిఫికెట్ ఆ దుకాణం వారిదే. రెండింటిలోనూ 30 సెంట్లే అయినప్పుడు ధరలో తేడా ఎందుకు? దోషమున్న వజ్రం ఇంటికి తేవద్దని మా నాన్నగారు పట్టుబడుతున్నారు. నన్ను ఏది కొనమంటారు?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ధరలో తేడా ఎందుకన్న మీ ప్రశ్న తేలితే మిగతావి సగం తేలిపోతాయి, కనుక అక్కడే మొదలుపెడతాను. వజ్రాన్ని క్యారట్లలో తూస్తారు. ఒక క్యారట్ 200 మిల్లీగ్రాములు, అందులో నూరవ వంతు ఒక సెంటు. పది కిలోల బియ్యం ఒకే సంచిలో ఉన్నా రెండు సంచుల్లో ఉన్నా కిలో ధర మారదు గాని, వజ్రం విషయంలో రాయి పెద్దదయ్యేకొద్దీ ఒక్కో సెంటు ధర కూడా పెరుగుతూ పోతుంది, ఎందుకంటే పెద్ద ముడిరాయి దొరకడం అరుదు. ఏడు రాళ్లు కలిసి 30 సెంట్లయితే ఒక్కో రాయి నాలుగు సెంట్ల పైచిలుకు మాత్రమే. అటువంటి చిన్న రాళ్ల సెంటు ధర, ఒక్కటే 30 సెంట్లు తూగే రాయి సెంటు ధరకు సాటి రాదు. అందువల్ల మొదటి ఉంగరం చవకగా ఉండటంలో వింత లేదు. ఈ-ఎఫ్, వీవీఎస్ అన్న గొప్ప అక్షరాలు తోడైనా అది చవకగానే ఉండాలి.

పువ్వు ఉంగరంలో మోసమేమీ లేదు. నాలుగు సెంట్ల గుండ్రటి రాయి వ్యాసం సుమారు 2.2 మిల్లీమీటర్లు. అడ్డంగా మూడు రాళ్లు వరుసగా వచ్చేటట్టు పొదిగితే పువ్వు మొత్తం 6.6 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. ఒక క్యారట్ గుండ్రటి రాయి వ్యాసం సుమారు ఆరున్నర మిల్లీమీటర్లు కనుక, దూరం నుంచి చూసినవారికి క్యారట్ రాయిలా కనిపించాలనే ఈ పువ్వు కట్టుకు ఆ కొలత. మీ 30 సెంట్ల ఒంటిరాయి వ్యాసం సుమారు 4.3 మిల్లీమీటర్లు మాత్రమే ఉంటుంది. వేలి మీద నిండుగా కనిపించడమే మీకు ముఖ్యమైతే పువ్వు ఉంగరం తీసుకోవచ్చు. అయితే నాలుగు సెంట్ల రాయిలో వీవీఎస్‌కూ వీఎస్‌కూ ఉన్న తేడాను మీరూ నేనూ, రేపు పెళ్లికి వచ్చే ఐదు వందల మందీ కలిసి చూసినా కనిపెట్టలేము. ఆ అక్షరాలకు ఎక్కువ డబ్బు ఇవ్వవద్దు.

ఇక మీ లక్ష రూపాయల లెక్క. లెక్క సులువుగా ఉండటానికి 18 క్యారట్ల బంగారం (బంగారానికి క్యారట్ అంటే బరువు కాదు, స్వచ్ఛత) గ్రాము 10,000 రూపాయలు, మజూరీ గ్రాముకు 1,500 రూపాయలు అనుకుందాం. అసలు ధర మీరు కొనే రోజున ఉన్నది వేసుకోండి. నికర బంగారం 3.2 గ్రాములున్న ఉంగరానికి బంగారం 32,000, మజూరీ 4,800, కలిపి 36,800 అవుతుంది. రాయికి 60,000 కేటాయిస్తే మొత్తం 96,800. దాని మీద 3 శాతం జీఎస్టీ 2,904 కలిపితే 99,704 రూపాయలకు తేలుతుంది. అదే ఉంగరం ఐదు గ్రాములదైతే బంగారానికీ మజూరీకే 57,500 పోయి, రాయికి నలభై వేలకు లోపే మిగులుతుంది. అందుచేత దుకాణంలో అడుగుపెట్టగానే రాయి ధర కాకుండా, ఉంగరంలో నికర బంగారం ఎంతని అడగండి. ఒంటిరాయి ఉంగరానికి మూడు గ్రాముల చుట్టుపక్కల చాలు. రెండు గ్రాములకంటే తక్కువ బరువున్న నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, పైగా అంత పలుచని కడ్డీ రోజూ పెట్టుకుంటే వంగుతుంది కనుక అక్కడి దాకా దిగవద్దు. 14 క్యారట్ల బంగారంలో చేయించుకుంటే అదే బరువుకు బంగారం ఖర్చు దాదాపు 22 శాతం తగ్గుతుంది, రాయిని పట్టుకునే కొక్కేలు కూడా గట్టిగా ఉంటాయి. మన ఇళ్లలో 22 క్యారట్లు కాకపోతే బంగారమే కాదన్న పట్టింపు ఉన్నది గాని, 22 క్యారట్ల మెత్తదనం వజ్రాన్ని పట్టి ఉంచడానికి పనికిరాదు.

రాయి ఎంపికకు వస్తే, నాలుగు లక్షణాలలో ముందుగా చూడవలసినది సాన. దుకాణంలో దీన్ని కట్ అంటారు. రంగు, శుద్ధి, బరువు భూమి ఇచ్చినవైతే, సాన మాత్రం మనిషి పనితనం. వెలుగు పైనుంచి లోపలికి వెళ్లి, అడుగు ముఖాలకు తగిలి మళ్లీ పైకి రావడం సాన కొలతల మీదే ఆధారపడి ఉంటుంది. అడుగు మరీ లోతుగా కోసిన రాయి మధ్యలో నల్లగా కనిపిస్తుంది, మరీ పలుచగా కోసినదానిలో చేపకన్నులాంటి బూడిదరంగు వలయం కనిపిస్తుంది. రెండింటిలోనూ బరువు సరిగ్గానే ఉంటుంది, మెరుపే ఉండదు. దుకాణం కప్పు నుంచి వేలాడే చిన్న దీపాల కింద గాజుపెంకు కూడా మెరుస్తుంది. ఉంగరాన్ని వీధి గుమ్మం దాకా తీసుకువెళ్లి, నేరుగా ఎండలో కాకుండా నీడపట్టున పట్టుకొని, మెల్లగా అటూ ఇటూ తిప్పి చూడండి. అమ్మేవాడు అందుకు అభ్యంతరం చెబితే ఆ రాయిని వదిలేయండి. రాయితో వచ్చే ప్రయోగశాల నివేదికలో గుండ్రటి రాయికి కట్ ఎదురుగా ఎక్సలెంట్ అని ఉండాలి. ఈ ఒక్క విషయంలో తగ్గవద్దు.

రంగును డీ నుంచి జెడ్ వరకు అక్షరాలతో లెక్కిస్తారు. జీ, హెచ్, ఐ, జే రంగులను దాదాపు రంగులేనివిగా పరిగణిస్తారు. పసుపు బంగారంలో పొదిగించేటట్టయితే ఐ లేదా జే కూడా తెల్లగానే కనిపిస్తుంది, ఎందుకంటే చుట్టూ ఉన్న లోహపు ఛాయ రాయిలో ఎటూ ప్రతిఫలిస్తుంది. తెల్లబంగారమైతే హెచ్ దగ్గర ఆగండి. తెల్లబంగారం మీది రోడియం పూత కొన్నేళ్లకు అరిగి మళ్లీ వేయించవలసి వస్తుందని కూడా గుర్తుంచుకోండి.

శుద్ధి దగ్గరే మీ నాన్నగారి మాట వస్తుంది. దాన్ని చాదస్తమని తీసిపారేయవద్దు. మన రత్నపరీక్ష సంప్రదాయం బిందువు, రేఖ, యవ, కాకపదం వంటివాటిని వజ్ర దోషాలుగా చెప్పింది. యవ అంటే యవగింజలాంటి మచ్చ, కాకపదమంటే కాకి కాలి ముద్రలాంటి మచ్చ. పగులు రాయి అంచు దాకా వచ్చి ఉంటే, పొదిగేటప్పుడు కొక్కెం నొక్కుడుకు ముక్క ఊడవచ్చు, కనుక పెద్దల భయానికి ఆధారం లేకపోలేదు. వీఎస్2 అంటే పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దంలో నిపుణుడికి కనిపించే చిన్న మచ్చలు, అవి మామూలు కంటికి కనిపించవు. 30 సెంట్ల రాయిలో దానికి ఒక మెట్టు కింద ఉండే ఎస్ఐ1 కూడా చాలాసార్లు కంటికి శుభ్రంగానే ఉంటుంది. నాన్నగారిని వెంట తీసుకువెళ్లి, ఆయన చేతికే భూతద్దం ఇచ్చి, మచ్చ ఎక్కడ ఉన్నదో, ఏ రంగులో ఉన్నదో చూపించమని అడగండి. నల్లని చుక్క రాయి మధ్యన ఉంటే వద్దనండి. తెల్లని పొర పక్కన ఉంటే కొక్కెం కింద దాచవచ్చు. మూడు రోజులు ఇంట్లో ఉంచి చూసే ఆనవాయితీ మీ ఇంట్లో ఉన్నట్టయితే, వాపసు షరతును నోటిమాటగా వదిలేయకుండా బిల్లు మీదనే రాయించుకోండి.

మూడవ దుకాణంలోని 28 సెంట్ల రాయి గురించి. బరువు ఒక మెట్టు ఎక్కిన చోటల్లా, అంటే 30, 50, 70 సెంట్ల దగ్గరా క్యారట్ దగ్గరా, సెంటు ధర ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ మెట్టుకు ఒకటి రెండు సెంట్ల కింద ఉన్న రాయి కంటికి అంతే పెద్దదిగా కనిపిస్తూ చవకగా దొరుకుతుంది. 28 సెంట్లకూ 30 సెంట్లకూ వ్యాసంలో తేడా మిల్లీమీటరులో పదో వంతు. కాబట్టి 28 సెంట్లన్న ఆలోచన మంచిదే గాని, దుకాణం తన సరుకుకు తానే రాసుకున్న పత్రాన్ని సర్టిఫికెట్ అనలేము. ఆ చవకదనం బరువు వల్ల వచ్చిందో, రంగును రెండు మెట్లు పెంచి రాయడం వల్ల వచ్చిందో ఆ కాగితం చెప్పదు. జీఐఏ లేదా ఐజీఐ వంటి ప్రయోగశాల నివేదిక ఉండాలి. ఆ నివేదిక సంఖ్యను ఫోనులోనే ప్రయోగశాల వెబ్‌సైటులో సరిచూసుకోవాలి, రాయి నడుము మీద లేజర్‌తో చెక్కిన సంఖ్య ఉంటే భూతద్దంలో చదివి పోల్చుకోవాలి. ఉంగరంలో పొదిగిన తర్వాత ఇచ్చే నివేదికకంటే విడిరాయికి ఇచ్చిన నివేదికే మేలు, ఎందుకంటే పొదిగిన రాయి బరువునూ రంగునూ కట్టు అనుమతించిన మేరకు అంచనా వేయవలసిందే.

ఇక్కడ మా ఇంటి ముచ్చట ఒకటి చెప్పాలి. నేను ఈ వృత్తిలోకి రాకముందు, మా మేనకోడలి ప్రధానానికి ఒక దుకాణంలో ఒంటిరాయి ఉంగరం కొన్నాము. చూడటానికి అరక్యారట్ రాయిలా ఉండేది. కొన్నేళ్లకు కొక్కెం విరిగి కంసాలి దగ్గరికి తీసుకువెళితే, ఆయన రాయి చుట్టూ ఉన్న తెల్లని రేకును సూదితో పైకి లేపి, అరచేతిలో ఆవగింజంత రాయిని పెట్టాడు. వజ్రంలా మెరిసేటట్టు ముఖాలు చెక్కిన రేకు మధ్య చిన్న రాయిని పొదిగే ఈ పద్ధతిని వ్యాపారంలో ఇల్యూజన్ సెట్టింగ్ అంటారు. పద్ధతిలో తప్పు లేదు, చెప్పకపోవడమే తప్పు. అందుకే ఒంటిరాయి ఉంగరాన్ని తిరగేసి వెనుక నుంచి చూడండి. రాయి అడుగు కొన తెరిచి ఉన్న రంధ్రంలో స్పష్టంగా కనిపించాలి.

బిల్లులో మూడు విషయాలు విడివిడిగా ఉండాలి: మొత్తం బరువు, రాయి బరువు, నికర బంగారం బరువు. మొత్తం 3.260 గ్రాములున్న ఉంగరంలో 30 సెంట్ల రాయి 0.060 గ్రాములు తీసివేస్తే బంగారం 3.200 గ్రాములు. మొత్తం బరువుకే బంగారం ధర వేస్తే రాయికి రెండుసార్లు చెల్లించినట్టే. ఒక ఉంగరంలో అది ఆరు వందల రూపాయల మాట, అదే అలవాటు రాళ్ల హారం కొన్న రోజున వేలకు పోతుంది. బంగారం ధర 18 క్యారట్లకు వేశారో, గోడ మీద రాసిన 22 క్యారట్లకు వేశారో చూసుకోండి. ఉంగరం లోపలివైపు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, 18కె750 అన్న అంకె, ఆరు అక్షరాంకాల హెచ్‌యూఐడీ, అంటే ఆ నగకే ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్య, ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ సంఖ్య లేని హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొట్టి చూస్తే వివరాలు వస్తాయి. కాని ఆ గుర్తు బంగారానికే హామీ, రాయికి కాదు.

ఇంత చెప్పాక నా ఎంపిక: రెండవ దుకాణపు రాయి. లేదా అదే నాణ్యంలో, ప్రయోగశాల నివేదికతో 27 నుంచి 29 సెంట్ల మధ్య రాయి తెప్పించమని వారినే అడగండి. తెప్పిస్తారు.

ప్రశ్న: లక్ష రూపాయలకు ల్యాబ్‌లో పెంచిన వజ్రమైతే క్యారట్ రాయి వస్తుందని మా కాబోయే వారు అంటున్నారు. నాకూ ఇష్టమే. అది నకిలీ వజ్రమని మా అత్తగారి తరఫువారు అంటారేమోనని సంకోచం. అది నిజమైన వజ్రమేనా? తర్వాత అమ్మితే ధర పలుకుతుందా?
— ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: నిజమైన వజ్రమే. భూగర్భంలో పుట్టినదీ కర్బనమే, యంత్రంలో పెరిగినదీ కర్బనమే, గట్టిదనంలోనూ మెరుపులోనూ తేడా లేదు. రెండు పద్ధతులున్నాయి. ఒకదానిలో విపరీతమైన ఒత్తిడినీ వేడినీ కల్పిస్తారు, దాన్ని హెచ్‌పీహెచ్‌టీ అంటారు. రెండవదానిలో చిన్న వజ్రపు పలక మీద వాయువు నుంచి కర్బనం పొరలు పొరలుగా పేరుకునేలా చేస్తారు, అది సీవీడీ. దుకాణంలో ఉండే పెన్నులాంటి పరికరం రాయి వేడిని ఎంత త్వరగా పంపుతుందో మాత్రమే చూస్తుంది కనుక ఈ రెంటినీ భూమిలో పుట్టిన రాయి నుంచి వేరు చేయలేదు. తేడా చెప్పగలిగేది ప్రయోగశాల మాత్రమే. మరొక మాట. అమెరికన్ డైమండ్ పేరుతో అమ్మేది వేరు, మాయిసనైట్ వేరు. అవి వజ్రాలు కావు. మాయిసనైటును ఆ పెన్ను వజ్రమని పొరబడుతుంది కూడా.

2023-24 కేంద్ర బడ్జెట్‌లో ఇటువంటి వజ్రాల పరిశోధనకు గ్రాంటు ప్రకటించారు, అది ఐఐటీ మద్రాసుకు దక్కింది. అదే ఏడాది జూన్‌లో ప్రధానమంత్రి అమెరికా పర్యటనలో అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య జిల్ బైడెన్‌కు కానుకగా ఇచ్చింది 7.5 క్యారట్ల ల్యాబ్ వజ్రమే. మీ అత్తగారి తరఫువారికి ఈ మాట చెప్పవచ్చు. అయితే చెప్పడం నిశ్చితార్థానికి ముందే జరగాలి. రాయి సంగతి దాచి, రెండేళ్ల తర్వాత ఏ కంసాలి నోటి ద్వారానో బయటపడితే, తగవు రాయి గురించి ఉండదు.

ధర పలుకుతుందా అంటే, పలకదు. యంత్రాలు పెరిగేకొద్దీ ఈ రాళ్ల ధర తగ్గుతూ వచ్చింది, నిన్న కొన్న రాయికంటే నేడు కొత్త రాయి చవకగా వస్తున్నప్పుడు పాతదాన్ని ఎవరు కొంటారు? భూమిలో పుట్టిన చిన్న రాయిని అమ్మబోయినా పెట్టిన డబ్బు తిరిగి రాదన్నది వేరే నిజం. వజ్రపుటుంగరాన్ని బంగారు గొలుసులా ఆస్తిగా లెక్కవేయవద్దని నేను అందరికీ చెబుతాను. ల్యాబ్ రాయి కొనేటట్టయితే లక్ష అంతా పోయకండి. రాయికి కొద్దిగా పెట్టి, బంగారం కట్టు గట్టిగా చేయించుకోండి, ఎందుకంటే రేపు విలువ మిగిలేది అందులోనే. బిల్లు మీద ల్యాబ్‌గ్రోన్ అన్న మాట స్పష్టంగా ఉండాలి, మార్పిడికి ఎంత శాతం ఇస్తారో కూడా ఉండాలి. మరొక చిన్న ఇబ్బంది: క్యారట్ రాయి వేలి మీద ఎత్తుగా నిలబడుతుంది. బస్సులోనో మెట్రోలోనో రోజూ ఆఫీసుకు వెళ్లేవారికి అది చున్నీలో, జుట్టులో చిక్కుకుంటుంది. అరక్యారట్ రాయి ఐదు మిల్లీమీటర్ల పైనే ఉంటుంది, నిండుగానే కనిపిస్తుంది.

ప్రశ్న: మా అత్తగారి ఏడురాళ్ల వజ్రపు కమ్మలు నా దగ్గరే ఉన్నాయి. బ్లూ జాగర్ రాళ్లని ఆవిడ చెప్పేవారు. మా అబ్బాయి నిశ్చితార్థానికి కొత్త ఉంగరం కొనడానికి బదులు ఈ రాళ్లలో ఒకటి తీసి ఉంగరం చేయించవచ్చునా?
— ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ఈ సంచికలో నాకు అన్నింటికంటే నచ్చిన ప్రశ్న ఇది. తక్కువ ఖర్చులో ఇంతకంటే మంచి ఉంగరం దొరకదు. దక్షిణాఫ్రికాలోని యాగర్స్‌ఫాంటైన్ గని పేరే మన నోట జాగర్ అయింది. ఆ గని రాళ్లలో కొన్ని పగటి వెలుగులో నీలి ఛాయ కొట్టడం వల్ల మన దక్షిణాది ఇళ్లలో బ్లూ జాగర్‌కు అంత పేరు వచ్చింది. ఈ ఛాయనే నేటి నివేదికల్లో ఫ్లోరెసెన్స్ అని రాస్తారు. చిత్రమేమిటంటే, మన అమ్మమ్మలు కోరి కొన్న ఆ లక్షణానికి నేటి మార్కెట్ బాగా తెల్లని రాళ్లలో ధర తగ్గిస్తుంది. మీలాంటివారు కాకుండా కొత్తగా కొనేవారు, ఐ, జే రంగుల్లో కొద్దిపాటి నీలి ఫ్లోరెసెన్స్ ఉన్న రాయి చవకగా దొరికితే సంతోషంగా తీసుకోవచ్చు. రాయి మబ్బుపట్టినట్టు లేకుంటే చాలు.

పనికి దిగేముందు రాళ్లను పరీక్షింపజేయండి. పాత నగల్లో తెల్లని పుష్యరాగాలు, జిర్కాన్లు కూడా వజ్రాలుగా చెలామణి అయ్యాయి. రాళ్లు మీ కళ్ల ఎదుటే తీయించండి. పాత కమ్మల్లో వెనుక మూసిన కట్టు ఉంటుంది, దశాబ్దాల సున్నిపిండీ నూనే దాని అడుగున పేరుకొని ఉంటాయి. శుభ్రం చేశాక రాయి మీరు గుర్తుపట్టలేనంత మారిపోవచ్చు. అప్పుడు రాయి మారిందన్న అనుమానం రాకుండా, విడివిడిగా ఒక్కో రాయినీ క్యారట్ త్రాసులో తూయించి, సెంట్లనూ మిల్లీమీటర్లనూ కాగితం మీద రాయించుకొని, అడుగున కంసాలి సంతకం పెట్టించండి. పాట్ మార్కెట్‌లో, చార్‌కమాన్ వైపు మీ కుటుంబానికి పాత కంసాలి ఎవరైనా ఉంటే ఆయనకే ఇవ్వండి. పాతకాలపు సానలో వజ్రం నేటి రాళ్లలా చురుక్కుమనదు, దీపంలా నిదానంగా వెలుగుతుంది. కొత్త సాన పట్టిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, బరువు పోతుంది, ఆ వెలుగూ పోతుంది.

ఒక కమ్మలోంచి ఒక్క రాయి తీస్తే జత చెడుతుంది. రెండు కమ్మల నడిమి రాళ్లనూ తీసి, ఒకటి కోడలి ఉంగరానికీ, రెండవది మీ అమ్మాయి ముక్కుపుడకకో లాకెట్టుకో వాడి, కమ్మల నడుమ కెంపులు పెట్టించుకోవచ్చు. మీ ఆడపడుచులను ముందుగా ఒక మాట అడగడం మరువకండి.

ప్రశ్న: ఒక దుకాణంలో గోల్కొండ వజ్రమని చెప్పి మామూలుకంటే ఎక్కువ ధర అడుగుతున్నారు. మన ఊరి వజ్రమే కదా అని ఆశ కలుగుతోంది. నమ్మవచ్చునా?
— ఒక పాఠకుడు, మెహదీపట్నం

జవాబు: నమ్మవద్దు. గోల్కొండ వజ్రాలు గోల్కొండలో పుట్టినవి కావు. గోల్కొండ సంత మాత్రమే, గనులు కృష్ణ ఒడ్డున ఉండేవి. వాటిలో పేరుమోసిన కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం ముంపులో ఉంది. తొలకరి వానలకు కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో జనం నేటికీ వజ్రాలు వెతుకుతూనే ఉంటారు గాని, దుకాణపు అద్దాల పెట్టెలో ఉంగరమై కూర్చున్న 30 సెంట్ల రాయి దాదాపు ఖచ్చితంగా విదేశీ గనిలో పుట్టి, సూరత్‌లో సాన పట్టి, ముంబయి మీదుగా వచ్చినది. మన దేశంలో యంత్రాలతో వజ్రాలు తీసే గని మధ్యప్రదేశ్‌లోని పన్నా దగ్గర ఉంది. దాన్ని నడిపే ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం మాత్రం మీ ఇంటికి దగ్గరలోనే, మాసబ్‌ట్యాంక్‌లో ఉంది. గోల్కొండ రాళ్లలో మేలైనవి నత్రజని కలవని టైప్ టూఏ వర్గానివి. ఆ వర్గపు రాళ్లు వేరే దేశాల గనుల్లోనూ దొరుకుతాయి కనుక, నివేదికలో ఆ మాట ఉన్నంత మాత్రాన అది గోల్కొండది కాదు.

ఆరవ నిజాం కొనబోయిన 184.75 క్యారట్ల జాకబ్ వజ్రం కూడా దక్షిణాఫ్రికాదేనని చెబుతారు. 1891లో ఆ బేరం బయానా దగ్గర బెడిసి కలకత్తా హైకోర్టు దాకా వెళ్లింది. నిజాంకే తప్పని తంటా అది, మీరు అడ్వాన్సు ఇచ్చేటట్టయితే రసీదు మీద రాయి నివేదిక సంఖ్య, వాపసు షరతు రాయించుకోండి.

ప్రశ్న: పదకొండు నెలల బంగారం స్కీములో కట్టిన డబ్బుతో వజ్రపుటుంగరం కొనవచ్చునా?
— ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: దుకాణాన్ని బట్టి ఉంటుంది. కొన్ని చోట్ల తరుగు మినహాయింపు బంగారు నగలకే వర్తిస్తుంది, వజ్రాల నగలకు వర్తించదు, లేదా సగమే వర్తిస్తుంది. స్కీము పుస్తకం వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న షరతులు చదవండి. తేడా వస్తే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫోను చేయవచ్చు.

ప్రశ్న: అమ్మాయికి చెప్పకుండా కొనాలనుకుంటున్నాను. వేలి కొలత ఎలా తెలుసుకోవాలి?
— ఒక పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: ఆమె ఆ వేలికి పెట్టుకునే పాత ఉంగరం ఒకటి చెల్లెలి ద్వారా ఒక పూట తెప్పించుకొని, దుకాణంలోని కొలత కడ్డీకి తొడిగి చూడండి. దారం చుట్టి కొలిస్తే పొరబాటు వస్తుంది. వేళ్లు ఎండాకాలపు సాయంత్రం ఉబ్బి, డిసెంబరు ఉదయం సన్నబడతాయి కనుక, కొలత రెండు అంకెల మధ్య ఊగితే పెద్దదే తీసుకోండి. చుట్టూ రాళ్లు పొదిగిన ఉంగరాన్ని తర్వాత సాగదీయడం, కుదించడం కష్టం, ఒంటిరాయి ఉంగరమైతే వెనుక కడ్డీ కోసి సరిచేస్తారు. నిశ్చితార్థం తర్వాత ఒకసారి ఉచితంగా సరిచేసి ఇచ్చే మాట బిల్లు రోజునే అడిగి పెట్టుకోండి.